పిచ్చుక కొండ దిగిన ఉదయం

కిందటి వారం మనం క్లచ్ మేడమ్‌ని కొండరోడ్డు అడుగున, కూడలి దగ్గర వదిలేసి వచ్చాం. ఆమె చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయి ఉన్నాయి. కారు ముందు చక్రాలు జనం దాటే తెల్లచారల మీదికి ఎక్కి నిలబడ్డాయి. చంకకర్రతో రోడ్డు దాటుతున్న పెద్దమనిషి ఒకాయన బానెట్ మీద చెయ్యి ఆనించి, అద్దంలోంచి ఆమెను తేరిపార చూసి, "నిద్రపోతున్నావా తల్లీ?" అని అడిగాడు.

ఊళ్లో సగం మందికి కారు నేర్పిన మనిషిని పట్టుకుని అడగాల్సిన మాట కాదది. అయినా ఆమెకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కాస్త చల్లారాక అనుమానం మొదలైంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం ఓ నాలుగు ముక్కలు. క్లచ్ మీద కాలు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో చెప్పీ చెప్పీ ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. అలాంటి మనిషికి క్లచ్చే లేని కారును పరీక్షించే పని పడింది. ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సులకు ఊళ్లో ఒక సంఘం ఉంది. వాళ్లు పాత స్కూటర్లు వదిలేసి, 'పిచ్చుక' అనే చిన్న కరెంటు కార్లు తీసుకుందామనుకున్నారు. "వారం నడిపి చూడండి మేడమ్. మీరు బాగుందంటే తీసుకుంటాం" అంది సంఘాన్ని నడిపే ఆవిడ. ఆవిడని అందరూ పెద్ద నర్సు అంటారు. ఆ కారు తయారుచేసిన కంపెనీలో ముఖ్య ఇంజినీరు తనకు స్వయానా మరిది అవుతాడని క్లచ్ మేడమ్ ముందే చెప్పేసింది. "అయితే ఇంకా మంచిది. మేం ఆయన్ని తిట్టలేం, మీరు తిట్టగలరు" అని పెద్ద నర్సు నవ్వేసింది.

పిచ్చుక ఆమెకు నచ్చింది. మొదటిరోజు ముఖం చిట్లించిన మాట నిజమే. తలుపు వేస్తే పచ్చడి డబ్బాకి మూత పెట్టినట్టు చప్పుడవుతుంది. వెనక సీట్లో పొడుగాటి మనిషి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కానీ రెండోరోజుకే మనసు మారిపోయింది. ఇరుకు సందులో, ఎదురుగా చెత్తబండి అడ్డం వస్తే, పిచ్చుక ఒక్క తిప్పుకే వెనక్కి తిరిగి బయటపడింది. ఇంకెవరూ కన్నెత్తి చూడని మూలల్లో పార్కింగ్ దొరికింది. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ కదులుతూ ఎంతసేపు తిరిగినా ఎడమకాలికి పనే లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆ కాలి వంక చూసి, 'ఇన్నేళ్లూ నీ చేత ఎంత చాకిరీ చేయించానే' అని జాలిపడింది.

అన్నిటికన్నా సుఖం ఇంకొకటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు కారు దానంతటదే నెమ్మదిస్తుంది. బ్రేకుతో పని చాలా తక్కువ. ఆ సుఖానికి ఆమె కాలు తొందరగానే అలవాటు పడిపోయింది. కొండ అడుగున జరిగిందల్లా అదే. అలవాటుగా కాలు తీసింది. వెనకనుంచి లాగేవాళ్లు ఎవరూ లేరు. తేరుకుని బ్రేకు తొక్కేసరికి చారలు చక్రాల కిందికి వచ్చేశాయి.

ఆమె ఊరుకోలేదు. అదే కొండ మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది. ఈసారి కారు బుద్ధిగా నెమ్మదించింది. ఇంకోసారి చూసింది. అప్పుడూ అంతే. మరి మొదటిసారి ఏమొచ్చింది దీనికి? ఆలోచించగా ఒక్కటే తేడా కనిపించింది. అన్ని రోజులూ కారుని ఇంట్లో మామూలు ప్లగ్గుకే పెట్టింది. పూర్తిగా ఎప్పుడూ నిండలేదు. ఆ ఒక్కరోజు మాత్రం కొండమీద, నర్సుల సంఘం ఆవరణలో కొత్తగా బిగించిన పెద్ద ఛార్జరుకి తగిలించి, తెల్లారాక నిండు బ్యాటరీతో బయల్దేరింది.

ఆ సాయంత్రం కారుని తిరిగి అదే ఛార్జరుకి తగిలించి మరిదికి ఫోన్ చేసింది.

"రేపు నర్సులకి తాళాలిచ్చే ఫంక్షన్‌కి ఎలాగూ వస్తున్నావుగా. కాస్త ముందుగా రా. నీచేత బండి నడిపించాలి."

"నాచేతనా వదినా? బాగా నడుస్తోందన్నావుగా!"

"బాగానే నడుస్తోంది. ఆగడం దగ్గరే కొంచెం మాట్లాడుకోవాలి."

"వస్తాను" అని పెట్టేశాడు. ఎందుకు, ఏమిటి అని అతను అడగకపోవడం ఆమెకు అప్పుడే మింగుడు పడలేదు.

*

తెల్లారేసరికి సంఘం ఆవరణ కళకళలాడుతోంది. రేకుల షెడ్డు కింద కొత్త పిచ్చుకలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో రంగు. మనుషులు కుర్చీలు మోసుకొచ్చి వేస్తున్నారు. ఎవరో మైకులో "హలో, హలో" అంటూ గొంతు పరీక్షించుకుంటున్నారు.

మరిది ఇస్త్రీ చొక్కాతో, మెడలో కంపెనీ కార్డుతో వచ్చాడు. కళ్లు మాత్రం రాత్రంతా మెలకువగా ఉన్నవాడిలా ఎర్రగా ఉన్నాయి. వచ్చీ రాగానే అతనికి కనిపించింది తన తల్లి. కొడుకు తయారుచేసిన కార్లు చూడాలని ఆవిడ కోడలి వెంట పొద్దున్నే వచ్చేసి, అప్పటికే క్లచ్ మేడమ్ వారంగా నడుపుతున్న ఆకుపచ్చ పిచ్చుక వెనక సీట్లో తీరిగ్గా కూర్చుని ఉంది.

"అమ్మా, నువ్వెందుకు ఎక్కావు?"

"ఎందుకేంట్రా? నా కొడుకు చేసిన బండి నేనెక్కకూడదా? చూడు, మోకాళ్లు పట్టుకోకుండా కూర్చున్నా. సీటు సరిగ్గా ఉంది. మీ అన్నయ్య కారు ఎక్కాలంటే బావిలోకి దిగినట్టుంటుంది నాకు."

క్లచ్ మేడమ్ ఛార్జరు వైరు తీసి పక్కన పెట్టింది. స్టీరింగ్ వెనక చిన్న తెరలో బ్యాటరీ గీతలన్నీ పచ్చగా వెలిగాయి. నిండుగా ఉంది. తాళం మరిది చేతిలో పెట్టి, తను పక్క సీట్లో కూర్చుంది.

"పద. నేను పిల్లలకి నేర్పే రోడ్డు తెలుసుగా, నీళ్ల ట్యాంకు వెనకది. అక్కడికి పోనీ."

"వదినా, అవతల మా కంపెనీ ఓనరుగారు వచ్చేస్తారు..."

"వచ్చేలోగా వచ్చేద్దాం. బెల్టు పెట్టుకో. అత్తయ్యా, మీరూ పెట్టుకోండి."

నీళ్ల ట్యాంకు వెనక రోడ్డులో బళ్లు తిరగవు. పైన మొదలై కిందదాకా ఒకటే వాలు, చివర మూసి ఉన్న గేటు. కొత్తవాళ్ల భయం పోగొట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆమె పొద్దున్నే ఒక ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి గేటుకి చాలా ఇవతల, రోడ్డు నడిమధ్య నిలబెట్టి ఉంచింది.

"ఆ నీలం డ్రమ్ము కనిపిస్తోందా? దాని ముందు ఆపాలి. రోజూ ఎలా నడుపుతావో అలాగే నడుపు. ఏమీ జాగ్రత్తపడకు."

"జాగ్రత్తపడకుండా నడపమని నువ్వే చెబుతున్నావు. ఈ మాట ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి."

అన్నాడే కానీ నవ్వలేదు. కారు వాలులోకి దిగింది. చప్పుడంటూ లేదు, టైర్ల కింద గులకరాళ్లు నలగడం తప్ప. వెనకనుంచి తల్లి, "ఎంత హాయిగా ఉందిరా, పడుకోబెట్టి ఊపినట్టు" అంది. డ్రమ్ము దగ్గరవుతోంది. అతని కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. ఎన్ని వేలసార్లు లేచి ఉంటుందో ఆ కాలు అలా, ఏ ఆలోచనా లేకుండా.

కారు నెమ్మదించలేదు. వాలు పట్టుకుని ఇంకాస్త జోరందుకుంది.

అతను ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. పిచ్చుక ముక్కు డ్రమ్ముని ఢీకొంది. అది ఎగిరి పక్కకి పడి, డమడమలాడుకుంటూ గేటుదాకా దొర్లిపోయింది.

వెనక సీట్లోంచి ఆవిడ హ్యాండ్ బ్యాగు కింద పడి, అందులోని డబ్బా తెరుచుకుని మందు బిళ్లలు గలగలా చెదిరాయి.

"ఒరేయ్ చిన్నాడా, గుద్దావురా దాన్ని" అంది తల్లి, అది అతను గమనించి ఉండడన్నట్టు.

క్లచ్ మేడమ్ దిగి వెళ్లి, డ్రమ్ముని దొర్లించుకుంటూ తెచ్చి, మళ్లీ ఉన్నచోటే నిలబెట్టింది. సొట్ట పడ్డ వైపు కారుకేసి తిప్పి మరీ పెట్టింది. వచ్చి కూర్చుంది.

"వెనక్కి తిప్పి పైకెక్కించు. మళ్లీ దిగుదాం."

"అక్కర్లేదు వదినా."

"ఎందుకు అక్కర్లేదు?"

"ఈసారి ఆగుతుంది."

"చూద్దాం పద."

ఎక్కారు, దిగారు. అతను కాలు తీయగానే పిచ్చుక పెంపుడు జంతువులా మెత్తగా నెమ్మదించి, బ్రేకు మీద కాలు పడకముందే నడకవేగానికి వచ్చేసింది. డ్రమ్ముకి బారెడు దూరంలో ఆగింది. క్లచ్ మేడమ్ మరిది వైపు తిరిగింది. అతను మాత్రం డ్రమ్మునే చూస్తున్నాడు.

"ఆగుతుందని నీకెలా తెలుసు?"

అతను తాళం తిప్పి కారు ఆపేశాడు.

"నిన్న ఫోన్లో ఆగడం గురించి అన్నాను. ఏం జరిగిందని నువ్వు అడగలేదు. అప్పుడే అనుకున్నా. చెప్పు. నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు" అన్నాడు.

వెనక సీట్లో బిళ్లలు ఏరుకుంటున్న తల్లి చేతులు ఆగిపోయాయి.

*

చెప్పడం మొదలుపెట్టాక అతను ఆగలేదు. ఎన్నాళ్లనుంచో గొంతులో అడ్డంపడ్డది బయటికొస్తున్నట్టు చెప్పుకుపోయాడు.

"కాలు తీసినప్పుడు బండిని వెనక్కి లాగేది మోటారే వదినా. లాగినప్పుడు కరెంటు పుడుతుంది. అది తిరిగి బ్యాటరీలోకి పోతుంది. బ్యాటరీ అప్పటికే నిండిపోయి ఉంటే ఆ కరెంటుకి పోయే చోటు ఉండదు. చోటు లేకపోతే మోటారు లాగడం మానేస్తుంది. మళ్లీ కొంచెం ఖర్చయిందనుకో, చోటు దొరుకుతుంది, లాగుతుంది. ఇప్పుడు వాలు ఎక్కేటప్పుడు ఆ కొంచెం ఖర్చయింది. అంతే. బ్రేకులు పోలేదు. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇది లోపం కాదు, కరెంటు బండి గుణం."

"ఆ మాట డ్రమ్ముకి చెప్పు."

"వదినా..."

"బ్రేకులు ఉన్నాయి సరే. తొక్కాలని కాలికి తెలియాలిగా? వారమంతా తొక్కనక్కర్లేదని నేర్పి, ఒక్క పొద్దున మాత్రం తొక్కమంటే ఎవరి కాలు తొక్కుతుంది? నేను తొక్కలేదు. నువ్వు తొక్కలేదు, ఈ బండిని చేసినవాడివి. నిన్నగాక మొన్న స్కూటరు దిగిన అమ్మాయి తొక్కుతుందా?"

"ఏ కంపెనీ కరెంటు కారైనా..."

"ఏ కంపెనీ సంగతీ నేను అడగలేదు. ఈ నర్సులు రాత్రి కొండమీద ఛార్జింగ్ పెడతారు. పొద్దున్నే నిండు బ్యాటరీతో అందరూ ఒకేసారి ఈ కొండే దిగుతారు. దిగగానే కూడలి. నువ్వు చెప్పే గుణం ఊళ్లో ఇంకెవరికీ కనిపించకపోవచ్చు. వీళ్లకి మాత్రం రోజూ కనిపిస్తుంది, అదీ జనం రోడ్డు దాటే చోట."

అతను రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"ఈ ఒక్కరోజు ఊరుకో వదినా. ఫంక్షన్ అయిపోనీ. తర్వాత నేనే ఏదో ఒకటి చేసి సరిచేస్తా. మాట ఇస్తున్నా."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"ఓనరుగారిని ఒప్పించాక."

"అంటే ఇప్పటిదాకా ఒప్పించలేకపోయావన్నమాట."

అతను గొంతు తగ్గించి, "నాకు ఈ బండి తప్ప ఇంకేమీ లేదని నీకు తెలుసు" అన్నాడు. "ఎన్నేళ్లు దీని మీదే కూర్చున్నా! పెద్దపెద్ద కార్లు చేసే చోట ఉద్యోగం వస్తే వద్దన్నా. మామూలు మనుషులు కొనుక్కోగలిగే బండి చెయ్యాలనుకున్నా. నిన్ను పరీక్షించమని వాళ్లు అడిగినప్పుడు నాకెంత సంతోషమేసిందో తెలుసా? నాకు కారు నేర్పింది నువ్వు. నువ్వు బాగుందనాలని ఉండింది. నిండు బ్యాటరీతో నువ్వు కొండ దిగవులే అనుకున్నా."

ఆమె పెళ్లై వచ్చేసరికి వీడు స్కూలు బ్యాగు మోసే పిల్లాడు. తన వెనకే తిరుగుతూ, డ్రైవింగ్ క్లాసు కారులో వెనక సీట్లో కూర్చుని, కొత్తవాళ్లు ఇంజను ఆపేసినప్పుడల్లా పకపకా నవ్వేవాడు. అతని తల మీద చెయ్యి వెయ్యబోయి, మనసు మార్చుకుని, చెయ్యి ఒళ్లోనే ఉంచుకుంది. ఇప్పుడు నిమిరితే మాట మెత్తబడిపోతుందని ఆమెకు తెలుసు.

"బాగుంది" అంది. "నిజంగా బాగుంది. నేను నడిపిన చిన్న కార్లలో ఇంత బాగున్నది ఇంకోటి లేదు. అందుకే ఊరుకోలేను. చెత్త బండి అయ్యుంటే వద్దని ఒక్క ముక్క చెప్పి ఇంటికి పోయేదాన్ని."

వెనకనుంచి తల్లి గొంతు వినిపించింది. ఆవిడ మాటలో ఇందాకటి ముచ్చట లేదు.

"చిన్నాడా, నాకు నీ కరెంటు లెక్కలు తెలియవు. రోడ్డు దాటడానికి నాకు ఎంతసేపు పడుతుందో మాత్రం తెలుసు. సిగ్నలు పడ్డాక నేను సగం దాకా వచ్చేసరికే అటువాళ్లు హారన్లు కొడతారు. ఆ డ్రమ్ము ఉన్నచోట నేనుంటే తప్పుకోగలిగేదాన్నా?"

"అమ్మా, అలాంటి మాటలు అనకు."

"అనకపోతే పోనీ, నువ్వే చెప్పు."

అతను చాలాసేపు స్టీరింగ్ నడిమధ్య ఉన్న పిచ్చుక బొమ్మని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. చివరికి తల ఎత్తాడు.

"ఓనరుగారు రాగానే పక్కకి పిలిచి చెప్తాను. ఇవాళ తాళాలు ఇవ్వొద్దంటాను. తీసేస్తే తీసేస్తారు ఉద్యోగంలోంచి."

"తీసేస్తే నా దగ్గరికి రా. క్లచ్ ఎలా తొక్కాలో నేర్పుదువుగాని" అంది వదిన. అప్పటికి గానీ అతనికి నవ్వు రాలేదు.

*

కానీ పక్కకి పిలిచే అవకాశం దొరకలేదు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఓనరుగారు వచ్చేశారు. ఆయనకి ఆలస్యం పడదు, ఇంకొకరి కోసం ఆగడం అసలు పడదు. కుర్చీలన్నీ నిండాయి. నర్సులు తెల్లబట్టల్లో వరసలుగా కూర్చుని ఉన్నారు. ముందు వరసలో, నడవా పక్క కుర్చీలో పెద్ద నర్సు. వేదిక వెనక కట్టిన పెద్ద గుడ్డ మీద పిచ్చుక బొమ్మ, దాని పక్కన నిలువెత్తున నవ్వుతున్న క్లచ్ మేడమ్ ఫోటో. కింద పెద్ద అక్షరాలు: 'క్లచ్ మేడమ్ మెచ్చిన కారు!'

ఆ ఫోటో చూసి ఆమె నడవాలోనే ఆగిపోయింది. ఆ గుడ్డ వేయించేముందు ఎవరూ ఆమెను అడగలేదు. వారం పూర్తికాకముందే, ఆమె నోరు తెరవకముందే, ఆమె మాట గోడకెక్కి కూర్చుంది.

"ఇదిగో వచ్చేశారు!" అన్నారు ఓనరుగారు మైకులో. "రండి మేడమ్, రండి. వారం రోజులు ఈ ఊరి సందుగొందులన్నీ తిరిగారు. తాళాలు ఇచ్చేముందు, మన పిచ్చుక గురించి మీ నోటితో ఒక్క మాట."

చప్పట్లు మోగాయి. మరిది గబగబా ముందుకి నడిచి, "సార్, ఒక్క నిమిషం, ఇలా రండి" అన్నాడు. ఓనరుగారు చెయ్యి ఊపి, తర్వాత అన్నట్టు సైగచేశారు. మైకు అప్పటికే క్లచ్ మేడమ్ చేతిలోకి వచ్చింది.

ఆమె ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు. కానీ కొత్తగా స్టీరింగ్ పట్టుకుని వణికే వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ, ఎంత అలజడిలోనైనా గొంతు నిలకడగా ఉంచడం ఆమెకు అలవాటే.

"నమస్కారం. ఈ కారు నాకు నచ్చింది" అంది. మళ్లీ చప్పట్లు. అవి ఆగేదాకా ఆగింది. "మీ పనికి కుదిరే బండి. ఎక్కడం దిగడం తేలిక, మా అత్తగారిని అడగండి. డిక్కీలో మీ మందుల పెట్టె, ఆక్సిజన్ సిలిండరు రెండూ పడతాయి, నేను పెట్టి చూశాను. ఇరుకు సందుల్లో స్కూటరు వెళ్లే చోటికల్లా కాకపోయినా, దాదాపుగా వెళ్తుంది. చప్పుడుండదు కాబట్టి వెనకనుంచి వస్తే జనానికి తెలియదు, సందుల్లో నెమ్మదిగా పోవాలి. తలుపులు కొంచెం గట్టిగా వెయ్యాలి. ఇవన్నీ మీరు సర్దుకోగలరు."

ఓనరుగారు చిరునవ్వుతో తల ఊపుతున్నారు.

"సర్దుకోలేనిది ఒకటుంది. నిండు బ్యాటరీతో వాలు దిగితే, కాలు తీసినా ఈ కారు నెమ్మదించదు. కొండ అడుగున చంకకర్రతో దాటుతున్న ఒక పెద్దాయన్ని నేను గుద్దబోయాను. నేను! కాబట్టి ఇది బాగుచేసేదాకా, దయచేసి ఎవరూ ఇవాళ తాళాలు తీసుకోవద్దు. ఆ వెనక ఉన్న మాట కూడా నేను అన్నది కాదు. బాగుచేశాక అంటాను, సంతోషంగా అంటాను."

ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. "బ్రేకులు లేవా?" అని ఎవరో, "మొన్న ఏమీ చెప్పలేదే!" అని ఇంకెవరో అన్నారు. ఓనరుగారి చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఆయన మెల్లగా వచ్చి మైకు అందుకున్నారు.

"మేడమ్ నేర్పు ముందు మనమెంత! కాకపోతే ఆవిడది క్లచ్ బళ్ల అనుభవం. కరెంటు బళ్లు ఆవిడకి కొత్త. ఆవిడ చెప్పింది ప్రపంచంలో ఏ కరెంటు కారులోనైనా ఉండేదే. భయపడాల్సింది ఏమీ లేదు. నా మాట నమ్మక్కర్లేదు. కారు చేసిన ఇంజినీరు ఇక్కడే ఉన్నాడు. పైగా మేడమ్ మరిదే. రావయ్యా. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పు."

మరిది వేదిక ఎక్కాడు. వదిన పక్కనుంచి నడిచి వెళ్తూ ఆమె వైపు చూడలేదు. ఒక్క ముక్కలో అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు 'అవును' అనే. ఆ ఒక్క ముక్క చెప్పి కిందికి దిగిపోతే వాడి ఉద్యోగం, బండి, అన్నీ నిలబడతాయి. అబద్ధం చెప్పినట్టు కూడా కాదు.

"అవును" అన్నాడు మరిది.

ఓనరుగారు మైకు కోసం చెయ్యి చాచారు. అతను ఇవ్వలేదు.

"అవును, ఈ గుణం అన్ని కరెంటు కార్లలోనూ ఉంటుంది. అందుకే దానికి మందు కూడా ఉంటుంది. బ్యాటరీ నిండిందని తెర మీద చూపించినా, లోపల కాస్త ఖాళీ అట్టిపెడతారు. ఆ ఖాళీ ఉంటే కొండ దిగేటప్పుడు మోటారు లాగుతుంది. మా పిచ్చుకలో కూడా ఆ ఖాళీ ఉండేది. నేనే పెట్టాను. మా వదిన చెప్పింది అక్షరాలా నిజం. తనకి ఇది ముందే చెప్పనందుకు నేను సిగ్గుపడుతున్నాను."

వెనక వరసలో అత్తగారు నిటారుగా కూర్చుంది.

"ఇక చాలు" అన్నారు ఓనరుగారు మైకు లేకుండానే. ఈసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"అయిపోవచ్చింది సార్. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే బండి ఇంకొంచెం దూరం వెళ్లాలని ఆ ఖాళీ తీసేయించారు. వద్దని నేను మొత్తుకున్నాను. కొండ సంగతి కూడా అప్పుడే చెప్పాను. చెప్పినప్పుడు గదిలో ముగ్గురం ఉన్నాం. నేను, ఓనరుగారు..." అతను ఒక్క క్షణం ఆగి, ముందు వరస వైపు చూశాడు. "మూడో మనిషి తలుపు వేసుకుని వెళ్తూ, పర్లేదు తీసేయండి, మావాళ్లకి నేను చెప్పుకుంటాను అన్నారు. చెప్పారో లేదో వాళ్లనే అడగండి."

నర్సుల తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. క్లచ్ మేడమ్ కూడా తిరిగింది. కొండ సంగతి తెలిసీ, తననే పిలిచి, వారం నడిపి చూడమని నవ్వుతూ తాళాలు చేతిలో పెట్టిన మనిషి ఎవరో అప్పటికి ఆమెకు అర్థమైంది. ఎందుకన్నదే అర్థం కాలేదు.

నడవా పక్క కుర్చీలోంచి, మైకు కోసం చెయ్యి చాస్తూ, పెద్ద నర్సు లేచి నిలబడింది.